క్యోటో హిగాషియామా గుళ్ళ వీధులు: గైడ్‌తో నడవాలా, మనమే నడవాలా?

అమ్మానాన్నలు జపాన్ వచ్చినప్పుడు క్యోటోలో వాళ్ళకోసం నేను బుక్ చేసిన వాకింగ్ టూర్ నాలుగు గంటల్లో ఐదు గుళ్ళు చూపిస్తామంది. పైసా వసూల్ అనుకున్నాను. తీరా వెళ్తే గ్రూపులో ఇరవై మందికి పైగా ఉన్నారు. గైడ్ చిన్న జెండా పట్టుకుని ముందు నడుస్తూ, ఇంగ్లిష్‌లో గబగబా చెప్పేస్తోంది. నాన్న నా చెవి దగ్గరికి వచ్చి "ఏమంటోందిరా ఆవిడ?" అని అడుగుతారు. నేను గుసగుసగా తెలుగులో చెప్పేలోపు గ్రూపు ముందుకు వెళ్ళిపోతుంది. మూడో గుడి దగ్గర నేను చెప్పడం మానేశాను, ఆయన అడగడం మానేశారు. నాలుగో మజిలీ గుడే కాదు, ఊరగాయల కొట్టు. అక్కడ అరగంట ఆపారు. రోజంతా అమ్మ తీరుబడిగా కూర్చున్నది ఆ కొట్టు ముందు బల్ల మీదే.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి మేం ముగ్గురమే మళ్ళీ అదే కొండెక్కాం. ఆ తర్వాత అత్తయ్యావాళ్ళతో, ఆఫీసు ఫ్రెండ్స్‌తో, ఒంటరిగా కూడా అదే దారి నడిచాను, ప్రతిసారీ వేరే పద్ధతిలో. టూర్ ఎంచుకునేటప్పుడు ఎన్ని గుళ్ళున్నాయో చూడకండి. గైడ్ మాట వినేది ఎవరు, వాళ్ళ మోకాళ్ళు ఎంత దూరం వస్తాయి, ఈ రెండూ చూసుకోండి.

ముందు చోటు సంగతి

హిగాషియామా అంటే తూర్పు కొండలు. క్యోటోకి తూర్పు అంచున, కొండ వాలు మీద గుళ్ళు వరసగా ఉంటాయి. వాకింగ్ టూర్లన్నీ దాదాపు ఒకే దారిన వెళ్తాయి. పైన కియోమిజుదేరా గుడి, అక్కణ్ణించి సన్నెన్‌జాకా, నినెన్‌జాకా అనే రాతి మెట్ల వీధులు, పక్కకి చూస్తే 46 మీటర్ల యసాకా పగోడా, తర్వాత కోదాయ్‌జి గుడి, మరుయామా పార్కు, యసాకా మందిరం, ఆఖర్న గియోన్ వీధులు. మొత్తం రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. కాకపోతే అందులో సగం మెట్లు, మిగతా సగం జనం.

ఇంత చిన్న దారికి గైడ్ ఎందుకు అనిపిస్తుంది. దారి చూపించడానికైతే అక్కర్లేదు, ఫోన్లో మ్యాప్ చాలు. కానీ ఇక్కడ కంటికి కనిపించేదానికంటే వెనక ఉన్న కథ పెద్దది. కియోమిజుదేరా ముఖ్య మందిరం ముందు 13 మీటర్ల ఎత్తున చెక్క వేదిక ఉంటుంది. 1633లో తిరిగి కట్టినప్పుడు ఆ కొయ్య స్తంభాలనీ దూలాలనీ మేకు కొట్టకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించారు. పైన నిలబడి ఫొటో తీసుకుంటే ఆ సంగతి తెలియదు, కిందికి దిగి తల పైకెత్తితేనే కనిపిస్తుంది. ఒకప్పుడు జనం మొక్కుకుని ఆ వేదిక మీంచి దూకేవాళ్ళు, బతికితే కోరిక తీరుతుందని నమ్మకం. గుడి రికార్డుల్లో 234 దూకుళ్ళు ఉన్నాయి, దూకినవాళ్ళలో ఎక్కువమంది బతికారు కూడా. 1872లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మనం దేవుడి మీద భారం వేసి దూకేశాం అన్నట్టు, జపాన్ వాళ్ళు ఇప్పటికీ పెద్ద నిర్ణయం తీసుకుంటే "కియోమిజు వేదిక మీంచి దూకాను" అంటారు. ఈ మాట గైడ్ నోట వినకపోతే అది మంచి వ్యూ ఉన్న చెక్క బాల్కనీ, అంతే.

పెద్ద గ్రూపు టూర్

డబ్బులిచ్చి తీసుకునేవాటిలో చవక ఇదే. ఇంగ్లిష్ బాగా అర్థమై, చకచకా నడవగలిగి, ఒక్కరే వచ్చినవాళ్ళకి ఇది పనికొస్తుంది. తోటి ప్రయాణికులతో కబుర్లు కూడా దొరుకుతాయి. అందరికీ ఇయర్‌ఫోన్ ఇచ్చే టూర్ అయితేనే తీసుకోండి. సన్నెన్‌జాకాలో పది గంటల తర్వాత జనం మధ్య గైడ్ మాట మూడో వరసకి కూడా చేరదు.

ఇంగ్లిష్ రాని పెద్దవాళ్ళతో మాత్రం ఇది వద్దే వద్దు. గైడ్ మీకోసం ఆగదు. మీరు తెలుగులో చెప్తుంటే పక్కవాళ్ళకి ఇబ్బంది, చెప్పకపోతే మనవాళ్ళకి విసుగు.

ఎనిమిది మందికి మించని చిన్న గ్రూపు

భార్యాభర్తలిద్దరే వెళ్తుంటే నా ఓటు దీనికే. ప్రశ్న అడిగితే జవాబు వస్తుంది, ఎవరైనా వెనకబడితే ఆగుతారు. ధర పెద్ద గ్రూపు కంటే ఎక్కువే ఉంటుంది. తక్కువ గుళ్ళు పెట్టుకున్న టూర్ చూడండి. మూడు గంటల్లో రెండు గుళ్ళు, వీధులు అంటే సరైన లెక్క. ఐదు గుళ్ళంటే వాటిలో మూడు బయటి గేటు దగ్గర్నించి చూపించేవే అయ్యుంటాయి.

ప్రైవేట్ గైడ్

ధర చూడగానే గుండె గుభేలుమంటుంది. కానీ చాలామంది ప్రైవేట్ గైడ్లు గ్రూపు మొత్తానికి ఒకే ధర తీసుకుంటారు, తలకింత అని కాదు. నలుగురైదుగురు కలిసి వెళ్తే మనిషికి పడేది చిన్న గ్రూపు టికెట్‌కి దగ్గరగా వస్తుంది. అత్తయ్యావాళ్ళు ఐదుగురు వచ్చినప్పుడు లెక్కేసి ఇదే తీసుకున్నాం. గైడ్ రెండు వాక్యాలు చెప్పి ఆగేది, నేను తెలుగులో చెప్పేవాణ్ణి, అత్తయ్య ఎదురు ప్రశ్న వేసేది. మూడు గంటల టూర్‌లో మాకు దొరికింది గంటన్నర మాటలే. అయినా ఆ గంటన్నర అందరికీ అందింది. తర్జుమాకి పోయే సమయాన్ని ముందే లెక్కలో పెట్టుకుని, గైడ్‌కి కూడా ముందే చెప్పండి.

జపాన్‌లో గైడ్లకి జాతీయ పరీక్ష ఉంది. ఇంగ్లిష్, ఫ్రెంచ్, చైనీస్, కొరియన్, థాయ్ లాంటి పది భాషల్లో పెడతారు. హిందీ లేదు, తెలుగు లేదు. 2018 జనవరి నుంచి లైసెన్స్ లేనివాళ్ళు కూడా డబ్బు తీసుకుని గైడ్ పని చేయొచ్చని చట్టం మార్చారు. అందుకే ఇప్పుడు ఆన్‌లైన్‌లో కనిపించే గైడ్లందరికీ ఆ పరీక్ష ఉండాలని లేదు. లైసెన్స్ లేకపోతే చెడ్డ గైడ్ అనుకోనక్కర్లేదు, కానీ పెద్ద మొత్తం పెడుతున్నప్పుడు "మీకు లైసెన్స్ ఉందా" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

వాలంటీర్ గైడ్

జపాన్‌లో చాలా ఊళ్ళలో గుడ్‌విల్ గైడ్లని ఉంటారు. రిటైరైనవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఇంగ్లిష్ మాట్లాడే సాధన కోసం వచ్చేవాళ్ళు. వీళ్ళకి ఫీజు లేదు. వాళ్ళ బస్సు చార్జీ, గుళ్ళ టికెట్, భోజనం మనం పెట్టుకోవాలి. కొన్ని వారాల ముందే అడగాలి, అడిగిన రోజుకి దొరక్కపోవచ్చు కూడా.

చరిత్ర లోతుగా తెలిసినవాళ్ళే వస్తారని చెప్పలేం. మాకు ఒకసారి వచ్చిన అమ్మాయి శతాబ్దాల లెక్కల్లో తడబడింది. కానీ పరీక్షల ముందు తను ఏ గుడికి వెళ్ళి ఏ తాయెత్తు కొనుక్కుందో, వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో బుద్ధుడి ముందు రోజూ అన్నం ఎలా పెడుతుందో చెప్పింది. ఇంటర్ చదివే మా కజిన్ ఆ రోజంతా ఫోన్ తీయలేదు. ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే మొదట ఇది ప్రయత్నించండి.

గైడ్ లేకుండా

నా లెక్కలో ఇది రెండో ఉత్తమం, ఒక్క షరతు మీద: పొద్దున్నే వెళ్ళాలి. కియోమిజుదేరా ఉదయం 6 గంటలకే తెరుస్తారు, టికెట్ 500 యెన్లు. ఎనిమిది దాకా కొండ మీద మన గుళ్ళలో సుప్రభాత వేళ ఉండే ప్రశాంతత ఉంటుంది. టూర్లు చాలావరకు తొమ్మిది, పది గంటలకి మొదలవుతాయి. అంటే గైడ్ ఉన్నప్పుడు జనం, జనం లేనప్పుడు గైడ్ ఉండదు.

మనంతట మనమే వెళ్తే చూడాల్సినవి కొన్ని చెప్తాను. కింద నియోమోన్ అనే ఎర్రటి గేటులో ఇద్దరు ద్వారపాలకులు ఉంటారు, మన జయవిజయుల్లా. ఒకరు నోరు తెరిచి, ఒకరు మూసి. తెరిచిన నోరు "అ", మూసిన నోరు "ఉమ్". జపాన్ అంతటా గుడి గేట్ల దగ్గర ఇలాగే ఉంటుంది. ఆ రెండూ కలిస్తే మన ఓంకారమే అని చెప్తారు. సింహాల బొమ్మలూ మామూలుగా ఇలా జంటగానే ఉంటాయి, కానీ కియోమిజు గేటు ముందున్న రెండు సింహాలూ నోరు తెరిచే ఉన్నాయి. ఈ గుడి వింతల్లో దాన్నొకటిగా చెప్పుకుంటారు. మా గ్రూపు టూర్‌లో అక్కణ్ణించి రెండు నిమిషాల్లో లాక్కుపోయారు. మర్నాడు అమ్మ ఆ గేటు ముందే నిలబడి "అ... ఉమ్" అని రెండుసార్లు అనుకుని, "మనదేరా ఇది" అంది.

లోపలున్న దైవం కన్నోన్, అంటే బౌద్ధుల కరుణామూర్తి, మన అవలోకితేశ్వరుడు. మూలవిగ్రహం కనపడకుండా మూసే ఉంచుతారు, 33 ఏళ్ళకోసారే దర్శనం. కంచి అత్తివరదర్ 40 ఏళ్ళకోసారి అని తెలిసినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు. మందిరం కింద ఒతొవా జలపాతం మూడు ధారలుగా పడుతుంది. పొడవాటి గరిటెతో పట్టుకుని తాగుతారు. ఆయుష్షు, చదువు, ప్రేమ అని మూడింటికీ పేర్లు చెప్తారు, మూడూ తాగితే అత్యాశట. జుయ్‌గుదో అనే చిన్న మందిరం కింద చిమ్మచీకటి దారి ఒకటుంది. అమ్మ కడుపులోకి వెళ్ళి మళ్ళీ పుట్టినట్టు అని దాని అర్థం. గోడ వెంట కట్టిన పెద్ద పూసల్ని పట్టుకుని తడుముకుంటూ వెళ్తే, మధ్యలో సంస్కృత బీజాక్షరం చెక్కిన రాయి మీద మాత్రం కొంచెం వెలుగు పడుతుంది. చీకటంటే భయం ఉన్నవాళ్ళు వెళ్ళకండి, నిజంగానే చెయ్యి కూడా కనపడదు.

పై నుంచి కిందికే

పద్ధతి ఏదైనా ఒక్క విషయంలో రాజీ పడకండి. టూర్ కియోమిజుదేరాలో మొదలై కిందికి దిగాలి. గియోన్‌లో మొదలుపెట్టి పైకి ఎక్కించే టూర్లు చాలా ఉన్నాయి. ఆఖర్న, ఎండెక్కాక, కాళ్ళు పీకుతుండగా అసలైన గుడి చేరతారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఉంటే టాక్సీలో గొజోజాకా వాలు మీదికి వీలైనంత పైకి వెళ్ళి, అక్కణ్ణించి నడవండి. సిటీ బస్సు 230 యెన్లే కానీ, క్యోటో స్టేషన్ నుంచి వచ్చే 206 నంబరు బస్సులో సీటు మీద ఆశ పెట్టుకోకండి. శని, ఆదివారాల్లో, సెలవుల్లో 500 యెన్ల టూరిస్టు ఎక్స్‌ప్రెస్ బస్సు నడుస్తుంది, పెద్దవాళ్ళతో ఉంటే ఆ డబ్బు దండగ కాదు. గుడిలో వీల్‌చెయిర్ వెళ్ళే వాలు దారి ఉంది. సన్నెన్‌జాకా మెట్లకి మాత్రం అలాంటి వీలు లేదు, చుట్టూ తిరిగి రావాలి. ఆ మెట్ల మీద పడితే మూడేళ్ళలో పోతారని ఒక సామెతలాంటి నమ్మకం, దానికి విరుగుడుగా సొరకాయ బుర్ర బొమ్మలు అమ్మే కొట్టు కూడా అక్కడే. వాన పడినరోజు ఆ రాళ్ళు చూస్తే నమ్మాలనే అనిపిస్తుంది. గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోండి.

నడవలేనివాళ్ళకి రిక్షా ఉంది. మనిషి లాగేదే. లాగే కుర్రాడే ఆగాగి కథలు చెప్తాడు. ఖరీదు ఎక్కువే, మా నాన్నకి "మనిషి చేత లాగించుకోవడమేంట్రా" అని మనసొప్పలేదు. అది మీ ఇష్టం.

సాయంత్రం గియోన్ టూర్

ఇది వేరే సరుకు. గుళ్ళ కోసం కాదు, గైకోలు (క్యోటోలో గీషాల్ని ఇలా అంటారు), మైకోల (ఆ విద్య నేర్చుకుంటున్న అమ్మాయిలు) లోకం గురించి వినడానికి. ఇక్కడ మాత్రం గైడ్ తప్పనిసరి అంటాను, ఎందుకంటే మూసి ఉన్న చెక్క తలుపులు తప్ప కళ్ళకేమీ కనపడదు. మైకోని చూపిస్తామని హామీ ఇచ్చే టూర్ ఉంటే దూరంగా ఉండండి. వాళ్ళు పనికి వెళ్తున్న ఆడపిల్లలు, వెంటపడి ఫొటోలు తీసేవాళ్ళ బాధ పడలేకే 2024లో అక్కడి ప్రైవేట్ సందుల్లోకి టూరిస్టుల్ని రానివ్వడం మానేశారు. 10,000 యెన్ల జరిమానా అని బోర్డులు ఉంటాయి. గియోన్ అనే పేరు ఎక్కడిదో మీ గైడ్‌ని అడిగి చూడండి. శ్రావస్తిలో బుద్ధుడు ఉన్న జేతవనం పేరే జపాన్ నోట గియోన్ అయింది. యసాకా మందిరాన్ని 1868 దాకా గియోన్ పేరుతోనే పిలిచేవాళ్ళు. ఈ ప్రశ్నకి తడుముకోకుండా జవాబిచ్చినవాళ్ళు మంచి గైడ్లని నా సొంత కొలత.

టూర్లలో ఉండని రెండు చోట్లు

గొజోజాకా బస్ స్టాప్ పక్కనే ఓతాని హొంబ్యో ఉంది. జోదో షిన్ అనే బౌద్ధ శాఖని స్థాపించిన షిన్రన్ సమాధి స్థలం. టూర్లు దాన్ని దాటుకుని పైకి వెళ్ళిపోతాయి. ఆ శాఖ తమ ఏడుగురు గురువుల్లో మొదటివాడిగా కొలిచేది ఆచార్య నాగార్జునుణ్ణి, మన నాగార్జునకొండకి ఎవరి పేరు వచ్చిందని చెప్పుకుంటామో ఆయన్నే. జపాన్‌లో ఆయన పేరు ర్యూజు. లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు, కూర్చోవడానికి చోటుంది.

రెండోది సంజూసంగెందో. కియోమిజు నుంచి దిగువకి, క్యోటో స్టేషన్ వైపు ఉంటుంది. 120 మీటర్ల పొడవు చెక్క మందిరంలో 1,001 కన్నోన్ విగ్రహాలు. వాటి ముందు 28 మంది రక్షక దేవతలు, ఇద్దరు వాయు, మేఘ గర్జన దేవుళ్ళు. ఫొటోలు తీయనివ్వరు, అందుకే కాబోలు వాకింగ్ టూర్లు దీన్ని పట్టించుకోవు. నాకైతే క్యోటో మొత్తంలో తెలుగువాళ్ళకి గైడ్ అక్కర్లేని గుడి ఇదే. తైషకుతెన్ అంటే ఇంద్రుడు, బోంతెన్ అంటే బ్రహ్మ, బిషమోంతెన్ అంటే వైశ్రవణుడు, కరురా అంటే గరుడుడు, కెందత్సుబా అంటే గంధర్వుడు. ఈ నాలుగైదు పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. నాన్న అక్కడ గంటన్నర ఉన్నారు, కర్ర పట్టుకున్న బక్క ముసలి వసు మహర్షి దగ్గర అయితే కదల్లేదు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాలి కాబట్టి చలికాలంలో మందం సాక్సులు ఉండాలి.

క్యోటో కాకపోతే?

చిన్నపిల్లలుంటే నారా మేలు. క్యోటో నుంచి రైల్లో ముప్పావుగంట. జింకలు, తొదాయ్‌జి గుడిలో 15 మీటర్ల మహా బుద్ధుడు, ఎక్కువగా చదునైన నేల. ఆ బుద్ధుడికి 752లో కళ్ళు దిద్దే వేడుక చేసింది బోధిసేనుడనే భారతీయ సన్యాసి. ఇది మ్యాప్ పట్టుకుని హాయిగా తిరగొచ్చు, గైడ్ డబ్బులు మిగుల్చుకోండి. టోక్యో దాటి దూరం వెళ్ళే తీరిక లేనివాళ్ళకి దగ్గర్లోని కామకురా. గంట ప్రయాణం, ఆరుబయట 11 మీటర్ల కంచు బుద్ధుడు. అక్కడ గుళ్ళు ఒకదానికొకటి దూరం, మధ్యలో రైలెక్కాలి. అందుకని గైడ్ ఉంటే రోజు వృథా కాదు. టోక్యోలోని అసాకుసా గుడికి గైడ్ ఎందుకో నాకైతే అర్థం కాదు, అంగళ్ళ వీధి మొత్తం 250 మీటర్లు.

బుక్ చేసే ముందు

నాలుగు ప్రశ్నలు మెసేజ్ పెట్టండి. గ్రూపులో గరిష్ఠంగా ఎంతమంది? గుళ్ళ టికెట్లు ధరలో కలిసే ఉన్నాయా? మధ్యలో ఏ కొట్టు దగ్గరైనా ఆపుతారా? వాన పడితే ఏం చేస్తారు? జవాబు రాకపోయినా, "అన్నీ బావుంటాయి" అని తేలిగ్గా రాసినా వేరేది చూసుకోండి. కలుసుకునే చోటు కూడా మ్యాప్‌లో ముందురోజే చూసి పెట్టుకోండి. గియోన్-షిజో స్టేషన్ నదికి ఇవతల, కవరమాచి స్టేషన్ అవతల. రెండూ ఒకటే అనుకుని నేను ఒకసారి వంతెన మీద పరిగెత్తాను.

తిండి సంగతి టూర్ వాళ్ళకి వదిలేయొద్దు. శాకాహారమని చెప్పినా రసంలో చేప పొడి ఉండొచ్చు. దాషి అంటే చేపతో కాచే ఆ రసమే, "దాషి వద్దు" అని విడిగా చెప్పాలి. వీధుల్లో దొరికే యత్సుహాషి అనే బియ్యప్పిండి మిఠాయి, లోపల ఎర్ర చిక్కుడు పూర్ణం, దాల్చినచెక్క వాసన. అమ్మ నాలుగు పెట్టెలు కొంది, ఊళ్ళో పంచడానికి. పచ్చి రకం కొన్ని రోజులకే పాడవుతుంది. ఇంటికి మోసుకెళ్ళాలంటే కాల్చిన గట్టి రకం అడగండి.